క్రియాశీల విద్యాభ్యాసము - మార్కులు, మనోభారము

చిల్కూరు బాలాజీ ఆలయమునకు వచ్చువారిలో చదువుకొను పిల్లల సంఖ్య తక్కువ కాదు. మ్రొక్కుకొనునపుడు 11 ప్రదక్షిణలు, మ్రొక్కు తీరిన పిమ్మట 108 ప్రదక్షిణలు చేయుట ఇచటి వాడుక. లెక్క తప్పకుండుటకై అంకెలు ముద్రించిన కాగితమును చేతబట్టుకొని, ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క గడిని గుర్తించుచు నడతురు. హుండీ లేని గుడి యిది. విదేశములకు పోగోరువారి మ్రొక్కుల వలన దీనికి ‘వీసా బాలాజీ’ యను పేరు వచ్చినది. గుడికి కొలది మైళ్ళ పరిధిలోనే, మొయినాబాదు, అజీజ్‌నగరు దారుల వెంబడి ఇంజనీరింగు కళాశాలలు అనేకములు వెలసినవి. సెమిస్టరు పరీక్షలు సమీపించినపుడు ఆ కళాశాలల పిల్లలకు గుడిదారి క్రొత్తది కాదు.

భక్తిని గూర్చిన విచారణ ఇచట అప్రస్తుతము. ఆ కాగితము పట్టుకొన్నవాని మనస్సులోని భారమే ఇచటి విషయము. ఆ భారమును తగ్గించు ఉపాయముగ ఇటీవల విద్యాసంస్థల ప్రకటనలలో ఒక మాట విరివిగా కనబడుచున్నది. ప్రాజెక్టుల ద్వారా చదువు, చేయుచు నేర్చుకొనుట, తరగతిలో చర్చ అని పలు పేర్లతో పిలుచుచున్నను అన్నిటికి మూలమొక్కటే. దానిని క్రియాశీల విద్యాభ్యాసమనవచ్చును. ఉపాధ్యాయుడు చెప్పుచుండగా విద్యార్థి వినుచు వ్రాసికొనుటకు బదులు, తరగతి కాలములో విద్యార్థియే ఆలోచించి, తర్కించి, లెక్కకట్టి, మాటలాడవలెను. ఈ పద్ధతి వలన మార్కులు పెరుగుననియు, ఒత్తిడి తగ్గుననియు ఒక్క ఊపిరిలో చెప్పుట పరిపాటియైనది. వీనిలో మొదటి మాటకు గట్టి సాక్ష్యము గలదు. రెండవదానికి అట్టి సాక్ష్యము లేకపోగా, కొన్నియెడల ఎదురుసాక్ష్యమే కనబడుచున్నది. కావున రెంటిని విడదీసి పరీక్షింపవలసియున్నది.

ముందుగా పద్ధతి ఎట్టిదో చూతము. చిల్కూరునకు చేరువనే ఉస్మాన్‌సాగరు, అనగా గండిపేట చెరువు గలదు. 1908 నాటి మూసీ వరద పిమ్మట కట్టిన చెరువిది. అందులో ఒక చిన్న పడవ తేలుచున్నదనుకొనుడు. పడవలో 50 కిలోల రాయి యొకటి గలదు. పడవవాడు ఆ రాయిని ఎత్తి నీటిలో పడవైచెను. రాయి అడుగునకు పోయి కూర్చున్నది. చెరువు నీటిమట్టము పెరుగునా, తగ్గునా, మారకుండునా? పాఠకులు ఇచట ఒక్క నిమిషమాగి ఒక సమాధానమును నిశ్చయించుకొని ముందుకు సాగవలెను.

చాలమంది పెరుగునందురు. నీటిలో ఒక వస్తువు క్రొత్తగా వచ్చి పడినది గదా! కాని రాయి పడవలో నున్నపుడు పడవ ఆ రాయి బరువునకు సమానమైన బరువు గల నీటిని, అనగా 50 లీటర్లను, ప్రక్కకు తొలగించుచుండెను. రాయి నీటికంటె రెండున్నర రెట్లు సాంద్రమైనదని యెంచినచో, దాని ఘనపరిమాణము 20 లీటర్లు మాత్రమే. అడుగున కూర్చున్న రాయి తన ఘనపరిమాణమునకు సరిపడు 20 లీటర్లనే తొలగించును. మిగిలిన 30 లీటర్ల మేరకు మట్టము తగ్గును. గండిపేట వంటి చెరువులో ఆ తగ్గుదలను ఏ కొలబద్దయు పట్టజాలదు. ఇంటిలో తొట్టిలో నీరు పోసి, గిన్నెను పడవగ, గుండురాయిని బరువుగ పెట్టి చూచినచో కంటికి కనబడును.

ఆర్కిమిడీసు సూత్రమును తప్పులేకుండ అప్పగించి, దానిపై లెక్కలను కూడ చేసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థులు ఈ ప్రశ్న యెదుట తడబడుట కద్దు. హార్వర్డు విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రమును బోధించుచుండిన ఎరిక్ మజూరు తన విద్యార్థులలో ఇట్టి దోషమునే గమనించి, 1991 నుండి పద్ధతిని మార్చెను. ఆయన ఇట్టి ప్రశ్న నొకదానిని అడుగును. ప్రతి విద్యార్థియు ముందు తనలో తాను ఆలోచించి ఒక సమాధానమునకు ఓటు వేయును. తరువాత ప్రక్కవానితో వాదించును. మరల ఓటు. ఈ రెండవ ఓటులో సరియైన సమాధానము పలికినవారి సంఖ్య సాధారణముగ పెరుగును. ఉపాధ్యాయుడు వివరించుట ఆ పిమ్మటనే. ప్రక్కవాడు తానా విషయమును నిన్ననో మొన్ననో అర్థము చేసికొన్నవాడు గనుక, ఎచట కాలు జారునో అతనికి బాగుగ జ్ఞాపకముండును. ఇరువది యేండ్లుగా అదే పాఠము చెప్పుచున్న ఆచార్యుడు ఆ చోటును మరచియుండును.

ఇక మార్కుల మాట. 2014లో ఫ్రీమన్, ఆయన సహచరులు అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించిరి. విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు, గణితముల బోధనపై అంతకుముందు జరిగిన 225 అధ్యయనములను వారు ఒకచో చేర్చి లెక్కకట్టిరి. ఉపన్యాస పద్ధతిని చదివినవారిలో తప్పినవారు నూటికి 33.8. క్రియాశీల తరగతులలో తప్పినవారు నూటికి 21.8. పరీక్షలలో వచ్చిన మార్కులు సగటున 0.47 ప్రమాణ విచలనము మేరకు పెరిగెను. దీనిని సులభముగ చెప్పవలెనన్న, నూరుగురిలో సరిగా నడిమినున్న విద్యార్థి ఈ పద్ధతి వలన 68 మందిని దాటగలిగెను. తరగతి చిన్నదైనకొలది, ముఖ్యముగ 50 మందికి లోబడినపుడు, ప్రయోజనము అధికముగ కనబడెను. వైద్య ప్రయోగములో ఇంత తేడా కనబడియున్నచో, ప్రయోగమును మధ్యలో నిలిపి రోగులందరికి క్రొత్త మందునే ఇచ్చియుందురని పరిశోధకులు వాదించిరి.

ఈ అంకెలను త్రోసిపుచ్చుటకు వీలులేదు. అయినను వాని హద్దులను చెప్పక తప్పదు. ఒకటి, ఏ పద్ధతిని క్రియాశీలమనవలెను? అప్పుడప్పుడు గుంపుగా కూర్చుండి ఒక లెక్క చేయుట మొదలు ఉపన్యాసమే లేని తరగతి వరకు అన్నియు ఆ పేరుతోనే లెక్కింపబడినవి. కషాయములన్నిటిని ఒకే కుండలో పోసి మందు గుణమిచ్చినదనుట వంటిది. వేరొకటి, క్రొత్త పద్ధతిని చేపట్టిన ఆచార్యులలో అధికులు తమంత తాము ముందుకు వచ్చినవారు. ఆసక్తి గల ఆచార్యుని వలన కలిగిన మేలెంత, పద్ధతి వలన కలిగిన మేలెంత యని పూర్తిగ వేరుచేయుట కష్టము. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ పరిశీలనలో కొలిచినవి మార్కులు, ఉత్తీర్ణత మాత్రమే. ఒత్తిడిని కొలువనేలేదు. కొలువని వస్తువును గూర్చి ఆ పరిశీలనను సాక్ష్యమునకు పిలుచుట న్యాయము కాదు. పరీక్ష తప్పువారు తగ్గినపుడు తప్పుట వలని దుఃఖమును తగ్గునని చెప్పవచ్చును. అది ఊహ. యుక్తమైన ఊహయే కావచ్చును.

2020లో తియోబాల్డు మొదలగువారు అదే పత్రికలో ఇంకొక మెట్టు పైకెక్కిరి. చదువునకు వెనుకబడిన వర్గముల నుండి వచ్చిన విద్యార్థులకును ఇతరులకును నడుమ పరీక్ష మార్కులలో నుండు అంతరము క్రియాశీల తరగతులలో 33 శాతము తగ్గినదనియు, ఉత్తీర్ణతలోని అంతరము 45 శాతము తగ్గినదనియు వారు చూపిరి. కాని పద్ధతిని గట్టిగ, తరగతి కాలములో అధికభాగము అమలుపరచిన చోట్లనే ఈ మేలు కనబడెను. నెల కొకసారి ఒక చర్చ పెట్టి, పుస్తకములో వ్రాసికొని, ఛాయాచిత్రము తీసికొన్నంత మాత్రమున వెనుకబడినవాడు ముందుకు రాడు. చేవెళ్ళ, వికారాబాదు, పరిగి పల్లెల నుండి వచ్చి, ఇంటిలో మొదటి పట్టభద్రుడు కాబోవు విద్యార్థికి ఈ ఫలితము మిక్కిలి విలువైనది. అందుచేతనే దాని షరతును మరువరాదు.

ఇప్పుడు ఒత్తిడి సంగతి. భయము కలిగినపుడు మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులు అడ్రినలిను, కార్టిసాలు అను రసములను రక్తములోనికి విడుచును. గుండె వేగము హెచ్చును, అరచేతులు చెమర్చును. కొంతవరకు ఇది మేలే. కాని కార్టిసాలు అధికమైనపుడు, నేర్చినదానిని తిరిగి జ్ఞప్తికి తెచ్చుకొను శక్తి తగ్గునని 2000లో మనుష్యులపైననే జరిగిన ఒక ప్రయోగములో కనుగొనిరి. అంతకు పూర్వము నేర్చిన పదములను, ఆ జాతి రసము పుచ్చుకొన్నవారు తక్కువగ గుర్తుకు తెచ్చుకొనగలిగిరి. ఇంటివద్ద వచ్చినది పరీక్ష గదిలో రాలేదని విద్యార్థి చెప్పుమాట ఎప్పుడును సాకు కాదన్నమాట.

ఇచట బోధనాశాస్త్ర గ్రంథములలో తరచు కనబడు ఒక వక్రరేఖను గూర్చి ఒక మాట. కొద్దిపాటి ఒత్తిడి మంచిదనియు, మితిమీరినచో చెడుగనియు చూపుటకై గుడిగంట ఆకారపు రేఖ నొకదానిని గీసి, ‘యర్క్సు-డాడ్సను నియమము’ అని క్రింద వ్రాయుదురు. యర్క్సు, డాడ్సనులు 1908లో ప్రయోగము చేసినది విద్యార్థులపై కాదు, చిట్టెలుకలపై. వారు ఇచ్చినది పరీక్షాపత్రము కాదు, విద్యుదాఘాతము. నల్ల పెట్టెకును తెల్ల పెట్టెకును భేదమును గుర్తించుట ఆ ఎలుకల పని. పని సులభమైనపుడు, ఆఘాతము పెరిగినకొలది అవి త్వరగా నేర్చినవి. పని కఠినమైనపుడు మాత్రమే బలమైన ఆఘాతము చెరుపు చేసెను. ఇంత చిన్న ఆధారముపై, ‘మా కళాశాలలో తగినంత ఒత్తిడి నుంతుము, అది పిల్లలకు మంచిది’ అను సిద్ధాంతమును నిలబెట్టుట సాహసమే. తగినంత యనగా ఎంతయో ఎలుకలు చెప్పలేదు.

క్రియాశీల తరగతి విద్యార్థి మనస్సునకు ఎట్లు తోచునో తెలుపు ప్రయోగమొకటి 2019లో వెలువడినది. హార్వర్డులోనే డెలారియే మొదలగువారు భౌతికశాస్త్రమును చదువుచున్న 149 మందిని రెండు భాగములుగ చేసిరి. ఒక పాఠమును ఒక భాగమువారు చక్కని ఉపన్యాసముగ వినిరి, రెండవవారు ముందు తామే లెక్కలతో పెనుగులాడి నేర్చిరి. మరుపాఠమునకు పాత్రలు తారుమారైనవి. పాఠ్యవిషయము, చేతికిచ్చిన కాగితములు రెండుచోట్లను ఒక్కటే. పరీక్ష పెట్టి చూడగా పెనుగులాడినవారే ఎక్కువ నేర్చిరి. కాని, నీవు ఎంత నేర్చుకొన్నావని అడిగినపుడు, ఉపన్యాసము విన్నవారే తాము ఎక్కువ నేర్చితిమనిరి! సాఫీగ సాగిన ఉపన్యాసము విన్నవానికి విషయము తనకు వచ్చినట్లే తోచును. తానే చేయబోయినవానికి తనకు రానిదేమో వెంటనే తెలియును. ఆ తెలియుట వలననే అతడు నేర్చుచున్నాడు. ఆ తెలియుటయే అతనికి కష్టముగ, ఓటమిగ తోచుచున్నది.

ఈ ఫలితమును జాగ్రత్తగ చదువవలెను. మార్కులు, మనశ్శాంతి ఎప్పుడును చేయి చేయి పట్టుకొని నడచునన్న మాట దీని యెదుట నిలువదు. నేర్పు ఎక్కువైన చోటనే సుఖము తక్కువైనది. విద్యార్థులకు మొదటి వారములోనే ఈ సంగతిని విప్పి చెప్పిన యెడల వారు పద్ధతిని సులభముగ అంగీకరింతురని ఆ పరిశోధకులు సూచించిరి. తడబాటు వైఫల్యమునకు గుర్తు కాదని ముందే తెలిసినవాడు తడబడినపుడు బెదరడు. ఖర్చులేని ఉపాయమిది.

2018లో కూపరు, డౌనింగు, బ్రౌనెలు అను ముగ్గురు, క్రియాశీల తరగతులలో చదివిన 52 మంది విద్యార్థులతో ముఖాముఖి మాటలాడి, ఏ పని వారికి ఆందోళన కలిగించినదో అడిగిరి. చేతిలోని చిన్న యంత్రముతో ఓటు వేయుట కొందరికి భయమును తగ్గించెను, కొందరికి పెంచెను. గుంపుగా పనిచేయుటయు అట్లే. కాని ఆచార్యుడు హఠాత్తుగా ఒకని పేరు పిలిచి, అందరి యెదుట సమాధానము చెప్పుమనుట మాత్రము ఆందోళనను పెంచుటయే గాని తగ్గించినది లేదు. అన్నిటికి మూలమొక్కటే: తప్పు చెప్పినచో ఇతరులు తన్ను తక్కువగ చూతురన్న భయము. 52 మంది మాటలతో లోకమంతటికి సూత్రము కట్టరాదు గాని, ఈ మాటను విని ఔనని తల యూపని తెలుగు విద్యార్థి యుండడు.

ఏలనన, మన బడులలో ప్రశ్న యనగానే జ్ఞప్తికి వచ్చునది ‘లే, చెప్పు’ అను కేక. లేచి నిలబడుట, చెప్పలేకపోవుట, నిలబడియే యుండుట, కొందరు పంతుళ్ళ తరగతులలో బెంచీ యెక్కుట. పాశ్చాత్య పరిశోధకుడు క్రియాశీలమను మాటతో ఉద్దేశించినది ఇది కాదు. కాని ఉపన్యాసము మాని ప్రశ్నలు వేయుడని ఆదేశమందుకొన్న అధ్యాపకునికి అలవాటైన ప్రశ్న యిదియే. పద్ధతి పేరు మారును, కేక నిలుచును. పైగా కళాశాలలో ఆ సమాధానము ఆంగ్లములో చెప్పవలెను. పదవ తరగతి వరకు తెలుగులో చదివిన పిల్లవానికి పడవ-రాయి ప్రశ్నకు జవాబు తెలిసియుండవచ్చును. దానిని అరువదిమంది యెదుట ఆంగ్లములో నిలబడి చెప్పుట వేరొక పరీక్ష. అతని మౌనమును అధ్యాపకుడు అజ్ఞానముగ లెక్కించును. ప్రక్కవానితో వాదించునపుడు తెలుగులో వాదింపనిచ్చి, ఓటును కాగితపు ముక్కపై పేరు లేకుండ వేయించినచో, ఈ రెండవ పరీక్ష తప్పిపోవును. మొదటిదే మిగులును. భౌతికశాస్త్ర తరగతిలో కొలువవలసినది అదియే గదా!

ప్రక్కవానివద్ద నేర్చుకొనుట మనకు పడమటి నుండి దిగుమతి కాలేదు. 1823లో బళ్ళారి కలెక్టరుగానుండిన ఏ. డి. క్యాంప్‌బెలు తన జిల్లాలోని వీధిబడులను గూర్చి మదరాసు ప్రభుత్వమునకు ఒక నివేదికను పంపెను. తెలుగు వ్యాకరణమును రచించిన క్యాంప్‌బెలు ఈతడే. ఆ జిల్లాలో 533 బడులున్నట్లును, వానిలో తెలుగు, కన్నడములు నేర్పుచున్నట్లును ఆయన వ్రాసెను. పై తరగతి పిల్లలు క్రింది తరగతి పిల్లలకు నేర్పుటను ఆయన మెచ్చుకొనెను. ఈ ఏర్పాటును అంతకుముందే మదరాసులో చూచిన ఆండ్రూ బెలు ఇంగ్లండునకు కొనిపోయి ‘మదరాసు పద్ధతి’ యను పేర ప్రచారము చేసియుండెను. కాని క్యాంప్‌బెలు ఒక లోపమును దాచలేదు. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచుండిరట. ఒకరి కొకరు నేర్పుకొనుట యున్నది, అడుగవలసిన ప్రశ్న లేదు. ఇద్దరు విద్యార్థులు ఎదురెదురుగ కూర్చుండి ‘ముఖ్యమైన ప్రశ్నల’ జాబితాను ఒకరి కొకరు అప్పగించుకొన్నచో అదియు చూచువారికి క్రియాశీలముగనే కనబడును. రెండు వందల యేండ్ల నాటి ఆ లోపము అందులో చెక్కుచెదరక యున్నది.

ఇక పరీక్షల లెక్క. హైదరాబాదు జవహర్‌లాల్‌ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఈ ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలకు పెద్దదిక్కు. 2018 నాటి దాని నిబంధనలలో నూరు మార్కులకు 75 సెమిస్టరు చివరి పరీక్షకు, 25 కళాశాల లోపలి మూల్యాంకనమునకు కేటాయింపబడినవి. 2022 నాటి నిబంధనలలో అవి 60, 40గ మారెను. ఆ 40లో మధ్యంతర పరీక్షల వాటా 30, గృహపాఠముల వాటా 5. మౌఖిక పరీక్షయో, తెరపై బొమ్మలతో ప్రసంగమో, గోడపత్రమో, ఒక సమస్యా పరిశీలనమో, వీనిలో ఏదేని యొకటి చేసిన విద్యార్థికి మిగిలిన 5. చివరి పరీక్ష బరువును తగ్గించుట మంచి మార్పే. ఒక్క దినపు జ్వరమునకు నాలుగు నెలల చదువు బలియగుట కొంత తప్పినది. తరచుగ జరుగు చిన్న పరీక్షలు జ్ఞాపకమునకు మేలుచేయునని కూడ తెలియుచున్నది. 2006లో రోడిగరు, కార్పికీ చేసిన ప్రయోగములో, ఒక భాగమును రెండుసార్లు చదివినవారు వారము పిమ్మట 42 శాతమును, ఒకసారి చదివి ఒకసారి పరీక్ష వ్రాసినవారు 56 శాతమును జ్ఞప్తికి తెచ్చుకొనగలిగిరి.

అయితే ఆ ప్రయోగములో పరీక్షకు మార్కుల భయము లేదు. ఇచట ప్రతిదానికి మార్కు గలదు. ఒక సెమిస్టరులో ఐదు సిద్ధాంత విషయములున్నవనుకొన్నచో, విషయమునకు రెండు మధ్యంతర పరీక్షలు, రెండు గృహపాఠములు, ఒక ప్రసంగము చొప్పున 25 సందర్భములు. ప్రయోగశాలలు, చివరి పరీక్షలు వేరు. మూడవ సంవత్సరము నుండి ఉద్యోగ నియామక పరీక్షల శిక్షణ దీనిపై మరొక పొర. ఇట్టి చోట క్రియాశీల విద్యాభ్యాసమునకు లభించిన స్థానము నూటికి 5 మార్కులు. అనగా తరగతి నడచు తీరును మార్చవలసిన పద్ధతి, చేయవలసిన పనుల జాబితాలో ఇంకొక పంక్తియైనది. ఆ ప్రసంగమును ముందునాటి రాత్రి స్నేహితుని వద్ద నకలు తీసికొని, ఉదయము చదివి అప్పగించినచో అయిదింటికి నాలుగు వచ్చుట దుర్లభము కాదు. దీని వలన నేర్పు పెరుగదు. నిద్ర మాత్రము తగ్గును. ఒత్తిడిని తగ్గించుటకు వచ్చిన మందు ఒత్తిడికి మరొక కారణమైనదని విద్యార్థి సణిగినచో అతనిని తప్పుపట్టరాదు.

సణుగుడుతో ఆగినచో చింతలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములలో తప్పులు దొరలి గగ్గోలు పుట్టినది. ఆ దినములలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తప్పినవారందరి జవాబుపత్రములను ప్రభుత్వము ఉచితముగ మరల పరిశీలింపించెను. ఆ తరగతుల నుండి వచ్చినవారే ఇంజనీరింగు కళాశాలల గడప త్రొక్కుదురు. మొదటి దినమున వారి వెంట వచ్చు భయము ఈ కళాశాలలు పుట్టించినది కాదు గాని, వారు దానిని దింపుకొనవలసినది ఇచటనే. 2025 జూలైలో భారత సర్వోన్నత న్యాయస్థానము విశాఖపట్టణములో జరిగిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో 15 మార్గదర్శక సూత్రములను నిర్దేశించెను. 100 మందికి తక్కువ కాని విద్యార్థులున్న ప్రతి సంస్థలోను శిక్షణ పొందిన మానసిక సలహాదారు ఉండవలెను. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు తరగతులుగ విభజింపరాదు. అందరి యెదుట అవమానింపరాదు. ఈ చివరి మాటను కూపరు మొదలగువారి పరిశోధన ప్రక్కన నుంచి చదువవలెను. న్యాయస్థానము ఒక దారిని, ప్రయోగము వేరొక దారిని నడచి ఒకే గుమ్మము వద్దకు చేరినవి.

పద్ధతి యెంత మంచిదైనను అది తీర్చలేని కష్టములున్నవి. 2008లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినది. పల్లెటూరి పిల్లలను పదవ తరగతి పిమ్మట చేర్చుకొని, ఒక్కొక్కరి చేతికి ల్యాప్‌టాపు నిచ్చి, చేయుచు నేర్చుకొను పద్ధతిని పెద్దయెత్తున ప్రయత్నింపవలెనన్నది దాని సంకల్పము. గణనశాస్త్రములో ట్యూరింగు బహుమతి నందిన రాజ్‌రెడ్డి దానికి మొదటి కులపతి. తెలుగునాట క్రియాశీల విద్యాభ్యాసమునకు ఇంతకంటె విశాలమైన ప్రయత్నమును చూపుట కష్టము. అట్టి బాసరలోనే 2022 జూన్‌లో వేలాది విద్యార్థులు సుమారు వారము దినములు ఎండకు వానకు కూర్చుండి నిరసన తెలిపిరి. వారడిగినవి నియత ఉపకులపతి, చాలినంతమంది అధ్యాపకులు, ల్యాప్‌టాపులు, సరియైన భోజన వసతి. బోధన పద్ధతి బాగులేదని వారెవరును కూర్చుండలేదు. భోజనశాల బాగులేనపుడు విద్యార్థి మనోభారమును ఏ పడవ-రాయి ప్రశ్నయు తగ్గింపజాలదు.

ఇంతకును ఈ ప్రాంతపు కళాశాలలు తమ ప్రకటనలోని రెండవ మాటను నిరూపింపదలచినచో పని కష్టము కాదు. సామగ్రి యంతయు ఇచటనే గలదు. ఒకే కళాశాలలో ఒకే శాఖకు రెండు మూడు సెక్షనులుండును. హార్వర్డువారు చేసినట్లే ఒక పాఠమును ఒక సెక్షనునకు ఉపన్యాసముగను, ఇంకొకదానికి చర్చగను చెప్పి, మరుపాఠమునకు తారుమారు చేయవచ్చును. చర్చ తెలుగులో సాగినను అడ్డుపెట్టరాదు. పేరు పిలిచి లేపరాదు. ఆ కాలములో చేసిన దేనికిని మార్కు లుండరాదు. పాఠము ముగిసిన దినమున ఒకసారి, మధ్యంతర పరీక్ష ముందునాడు ఒకసారి, ఆందోళనను కొలుచుటకు మనస్తత్వశాస్త్రజ్ఞులు వాడు ప్రశ్నావళి నిచ్చి, పేరు లేకుండ పూరింపించవలెను. రాత్రి ఎన్ని గంటలు నిద్రించిరో కూడ అడుగవలెను. తెలుగు మాధ్యమము నుండి వచ్చినవారి సమాధానములను వేరుగ లెక్కకట్టవలెను. ఏలనన, సగటులో వారి కష్టము కనబడకుండ పోవుటకు అవకాశము మెండు. ఒక సెమిస్టరు చాలును, కాగితముల ఖర్చు తప్ప వేరు ఖర్చు లేదు. ఫలితము ఎట్లున్నను దానిని ప్రకటింపవలెను. అంతవరకు ‘మార్కులు పెరుగును’ అను మాటను మాత్రముంచి, దాని ప్రక్కనున్న ‘ఒత్తిడి తగ్గును’ అను మాటను ప్రకటనల నుండి కొట్టివేయుట న్యాయము.